నడుములేని గౌను

పక్క వీధికి వెళ్ళి కుట్టిన గౌను ఒకటి పట్టుకురావడానికి ఇంతసేపా అనుకుంటూ భ్రమరాంబ మరోసారి గుమ్మం వైపు చూసింది. చూసినందుకు తనమీద తనకే ఒళ్ళు మండి గోడవైపు తిరగబోయింది. తిరగబోతే కుడివైపు నడుము కలుక్కుమంది. మళ్ళీ ఎడమకే ఒత్తిగిలింది. ఎడమకి తిరిగితే గుమ్మమే కనిపిస్తుంది, ఏం చేస్తుంది మరి, కళ్ళు మూసుకుంది. కళ్ళు మూసుకుంటే గుమ్మం పోయి జోసెఫిన్ ఇంటి వసారా వచ్చింది, ఆ వసారాలో పేము కుర్చీ, ఆ కుర్చీలో కాలుమీద కాలేసుకుని తన మొగుడు ఉమామహేశ్వరం. ఈపాటికి కాఫీ ఇచ్చేసి ఉంటుంది. పింగాణీ కప్పులో. ఇంట్లో గ్లాసుతో గటగటా తాగే మనిషి అక్కడ చిటికెనవేలు పైకెత్తి మరీ తాగుతాడు. ఆ సంగతి భ్రమరాంబ ఒకసారి కళ్ళారా చూసింది. చూసి పదేళ్ళయినా ఆ వేలు ఇంకా కిందికి దిగలేదు.

కాకినాడ వెళ్ళే కారు వచ్చే వేళయింది. ఇవాళ పెద్దాసుపత్రిలో చేరితే ఎల్లుండి ఆపరేషన్. సంచి గోడవారన సిద్ధంగా ఉంది. దుప్పట్లు, మరచెంబు, ఊరగాయ సీసా, అన్నీ ఆయనే సర్దాడు, దువ్వెన మర్చిపోయాడు. ఆవిడ గుర్తుచెయ్యలేదు. ఎందుకు గుర్తుచెయ్యాలి, తను వెళ్తే కదా? వెళ్ళేది లేదని పొద్దున్న పళ్ళు తోముకుంటూనే నిశ్చయించుకుంది. ఆయన గౌను తేవడమే తరువాయి. దాన్ని తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, ఇది ఎవరు కుట్టారో వాళ్ళకే తొడగండి, నేను కదలను, అనేస్తుంది. ఆ మాట ఏ గొంతుతో అనాలో కూడా అనుకుని పెట్టుకుంది. గట్టిగా అనకూడదు. నెమ్మదిగా, అటు తిరిగి, ఆయన రెండు రోజులు అన్నం తినలేనట్టుగా అనాలి.

గౌను. యానాంలో గౌనంటే ఇంకెవరు గుర్తొస్తారు? చర్చి వెనక పెంకుటింట్లో ఉండే జోసెఫిన్. మొగుడు ఫ్రెంచి సైన్యంలో చేరి ఏ దేశంలోనో పోయాడు, అతని పింఛను ఆవిడకి వస్తుంది, దాని తాలూకు కాగితాలు ఫ్రెంచిలో వస్తాయి. ఆ భాష ఉమామహేశ్వరం చిన్నప్పుడు బళ్ళో చదువుకున్నాడు, తెల్లవాళ్ళు ఊళ్ళో ఉన్న రోజుల్లో. అందుకని ఆ కాగితాలు చదివి పెట్టే పని ఆయన మీద పడింది. పడిందని ఆయన అంటాడు. కాగితం నెలకొకటి వస్తే వెళ్ళేది వారం వారమా? ఆవిడ ఆయన్ని అన్నయ్యగారూ అని పిలుస్తుంది, తనని వదినగారూ అంటుంది. ఆ పిలుపు నోరారా, ఊరంతా వినేలా ఉంటుంది. వినపడేలా పిలవడంలోనే ఏదో ఉంది అనుకునేది భ్రమరాంబ. ఒట్టి అన్నయ్యగారికి పింగాణీ కప్పెందుకు?

డాక్టరు వదులు గౌను వేసుకోమన్న మాట ఇంకా పూర్తికాకముందే ఈయనగారి మొహం వెలిగిపోయింది. "మనకి జోసెఫిన్ గారున్నారు కదా" అన్నాడు. మనకి అట. కొలతలు ఎవరిచ్చారో మరి. జాకెట్టు ఏదీ పెట్టెలోంచి పోలేదు, చూసుకుంది. అంటే చేతులతో చూపించి ఉంటాడు, ఇదిగో ఇంత, ఇంత వెడల్పు అని, ఆ వసారాలో నిలబడి. ఆవిడ నవ్వి ఉంటుంది. ఆ నవ్వు తలుచుకోగానే భ్రమరాంబకి మంచం దిగాలనిపించింది, దిగితే చీర జారిపోతుందని ఊరుకుంది. పాత నేతచీర ఒకటి చుట్టబెట్టుకుని పడుకుంది, లోపల లంగా లేదు, బొందు లేదు. ముప్ఫై ఏళ్ళు బొందు ఉన్న చోట ఇప్పుడు దూదీ, గుడ్డా. కట్టు లేని నడుము తనది కానట్టే ఉంది. గోదారి గట్టు దగ్గర పంటు పడవ కూత వినపడింది, అవతలి ఒడ్డు ఎదుర్లంకనించి జనం దిగుతున్నారు. జనమంతా తిన్నగా నడిచి వస్తారు, బొందులు బిగించుకుని, హాయిగా.

బొందు మామూలుగానే కట్టేది మొదట్లో. పెళ్ళయిన కొత్త. తెల్లవాళ్ళు ఊరు విడిచి వెళ్ళిన ఏడాదో, ఆ మరుసటి ఏడాదో. మేరీమాత పండగకి చర్చి దగ్గర దీపాలు పెడతారు, చూద్దువుగాని రా అని తీసుకెళ్ళాడు. ఊదారంగు పట్టుచీర కట్టుకుంది, కొత్తచీర గరగరలాడుతోంది, మెట్లమీద కొవ్వొత్తుల వాసన. అప్పుడు దిగింది మెట్లు జోసెఫిన్, మొగుడి చెయ్యి పట్టుకుని, తెల్లగౌను, నడుముకి నల్లటి బెల్టు. ఈయన ఆగి చూశాడు. "చూశావా, ఎంత సన్నటి నడుమో, రెండు చేతులూ పడితే అందేస్తది" అన్నాడు. అనేసి ఆ మాట అక్కడే మర్చిపోయాడు, వేయించిన బఠాణీలు కొనిపెట్టాడు, దోవంతా ఏవేవో కబుర్లు చెప్పాడు. రెండు చేతులూ పడితే అందుతుందని ఈయనకెలా తెలుసు? ముప్ఫై ఏళ్ళుగా ఆ ఒక్క ప్రశ్న. అడగలేదు. అడిగితే నవ్వి ఏదో చెబుతాడు, ఆ చెప్పింది నమ్మాలి. నమ్మడం కంటే అడక్కపోవడమే నయమనిపించింది.

మర్నాడు చీర కట్టుకునేటప్పుడు ఊపిరి బిగబట్టి, పొట్ట లోపలికి లాక్కుని, బొందు ఒక వేలెడు బిగించింది. ముడిమీద ముడి. ఆ మర్నాడూ అక్కడే. పిండి రుబ్బినా, నీళ్ళు తోడినా, పండగలకి, పబ్బాలకి, జ్వరం వచ్చి పడుకున్నా అక్కడే. నడుము చుట్టూ గాడి పడింది. గాడి నల్లబడింది, గరుకెక్కింది, పొట్టు రాలేది, దురదపెట్టేది. బొందు ఆ గాడిలో కూర్చుంటేనే ఆవిడకి స్థిమితం. దానికి తోడు తాళాలగుత్తి, బీరువాదీ బియ్యం గదిదీ వంటింటిదీ పెరటి తలుపుదీ, కుడిపక్క ఆ ముడి దగ్గరే దోపేది. పిల్లలు లేరు. ఉన్నది ఈ ఇల్లు, ఈ మనిషి. ఇంటి తాళాలు బొందుకి ఉన్నాయి. మనిషికి తాళం ఎక్కడ వేస్తారు?

రెండేళ్ళ కిందట తాళాలగుత్తి ఒరుసుకునే చోట చిన్న పుండు లేచింది. పసుపు అద్దింది, కొబ్బరినూనె రాసింది. మానినట్టే మానింది, మళ్ళీ పగిలింది, అంచులు పైకి లేచి మధ్యలో గుంటపడి రసి కారడం మొదలెట్టింది. ఇంకో మనిషయితే బొందు కాస్త పైకో కిందికో జరుపుకుంటుంది. భ్రమరాంబ గుడ్డపేలిక మడిచి పుండుమీద పెట్టి, దానిమీద మునుపటికంటే గట్టిగా బిగించింది. రసి బయటికి కనపడకూడదు, నడుము కనపడాలి. పక్కలో పడుకునే మనిషి కూడా కనిపెట్టలేదు. ఆయన కనిపెట్టనందుకు కొన్ని రోజులు సంతోషించింది, కొన్ని రోజులు ఏడ్చింది.

కనిపెట్టింది ఎవరు? ఆవిడే. మంగళవారం సంతలో వంకాయల బుట్ట ఎత్తబోయి భ్రమరాంబ కుడిపక్క చెయ్యి వేసుకుని ఒక్క క్షణం ఆగింది, అంతే. ఎదురుగా ఉల్లిపాయలు ఏరుకుంటున్న జోసెఫిన్ తలెత్తి చూసింది. ఏమీ అనలేదు. తనతో అనలేదు. సాయంత్రం ఈయనగారు ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మొదలెట్టాడు. "నడుంకేవైందే నీకు? కుడిపక్క పట్టుకుని వంగుతున్నావంట. పుండేవన్నా ఉందేమో అడగమన్నారు జోసెఫిన్ గారు." అప్పుడు ఆవిడ ఒళ్ళు భగ్గుమన్నది పుండు సంగతి బయటపడినందుకు కాదు. తన నడుము గురించి వాళ్ళిద్దరూ ఆ వసారాలో కూర్చుని మాట్లాడుకున్నారు. బహుశా కాఫీ తాగుతూ. వదినగారి నడుముకేదో అయినట్టుంది అన్నయ్యగారూ. ముప్ఫై ఏళ్ళు ఏ నడుముకోసం ఊపిరాడకుండా బతికిందో ఆ నడుముమీద వాళ్ళ జాలి వచ్చి పడింది.

తర్వాత అన్నీ గబగబా జరిగిపోయాయి. ఊళ్ళో డాక్టరు చూసి కాకినాడ వెళ్ళమన్నాడు. కాకినాడలో చిన్న ముక్క గిల్లి పరీక్షకి పంపారు. వారం తిరిగాక పెద్ద డాక్టరు, కేన్సరేనమ్మా, కాని చర్మానిది, అన్నాడు. ఈయన కుర్చీలోంచి లేచి మళ్ళీ కూర్చున్నాడు. ఆ కంగారు చూసి భ్రమరాంబకి ఎక్కడో లోపల తీపిగా అనిపించింది, నా కోసమే కదా అని. కేన్సరన్న మాటకి అందరికీ చావు గుర్తొస్తుందంటారు. ఆవిడకి పేము కుర్చీ గుర్తొచ్చింది.

బొందు ఎంత బిగువుగా కడతారు అని డాక్టరు అడిగితే మామూలుగానేనండి అని అబద్ధమాడింది. ఆయన గాడి చుట్టూ వేలితో చూపించి, ఏళ్ళతరబడి ఈ ఒరిపిడికే వచ్చింది అన్నాడు. నవ్వలేదు, కోప్పడలేదు. గజ్జల్లో నొక్కి చూసి, బిళ్ళలు కట్టలేదు, పాకలేదు, అదృష్టవంతులు అన్నాడు. పుండు ఇంతే కనపడుతుంది కాని చుట్టూ మంచి చర్మంలోకీ వేళ్ళు పాతుకుని ఉంటుంది, అందుకని చుట్టూరా రెండు వేళ్ళ మేర బాగున్నది కూడా కోసి తీసేస్తాం, తొడమీంచి పల్చగా చర్మం తీసి అక్కడ అతికిస్తాం అన్నాడు. కోత లేకుండా కరెంటు పెట్టి కిరణాలతో మాడ్చేస్తారట కదండీ అని అడిగింది. పెట్టొచ్చు, దానికి విశాఖపట్నంలో వారాల తరబడి ఉండాలి, అయినా మీ పుండు ఉన్న చోట కరెంటు పెడితే చర్మం పలచనై మళ్ళీ చితుకుతుంది, కోసి తీసేది శుభ్రం, కోసిన ముక్క అంచుల్లో ఇంకా మిగిలిందని తేలితే అప్పుడు చూద్దాం కరెంటు సంగతి అన్నాడు. వరండాలో తన పక్కన కూర్చున్న సామర్లకోట ఆవిడకి ముక్కుమీద మినపగింజంత మచ్చ. దానికీ ఇదే పేరు. మొద్దుబారే సూదేసి, గీకి, కాల్చి సాయంత్రానికి ఇంటికి పంపేశారు. ఆవిడ మొగుడు అరటిపళ్ళు కొనుక్కొచ్చి ఒలిచి పెట్టాడు. రోగంలో కూడా ఒకరికి మినపగింజా తనకి అరచెయ్యా అని భ్రమరాంబ ఆ అరటితొక్కలకేసి చాలాసేపు చూసింది.

కోయించుకోనక్కర్లేదు. కనకాలపేటలో పసరు కట్టేవాడున్నాడు, ఎవరెవరికో మానిందిట. ఇంట్లోనే ఉండొచ్చు. మూడు వారాలు ఆసుపత్రి అంటే మాటలా? ఆడవాళ్ళ వార్డులో మగవాళ్ళని ఉండనివ్వరు, తోడుకి అగ్రహారంనుంచి పినతల్లి సత్యవతమ్మ తిన్నగా ఆసుపత్రికే వస్తానంది. ఈయన రోజూ వచ్చి చూసి పోతాడట, ఆఫీసుకి సెలవు లేదట. చూసి, పోతాడు. ఎక్కడికి పోతాడు? ఖాళీ ఇంటికి వచ్చి ఏం చేస్తాడు, దీపం పెట్టుకుని గోడలు చూస్తాడా? వీధిలో చీరమేను అమ్మేవాడి కేక వినిపించింది, సేరు ఇంత అని ఏదో ధర చెబుతున్నాడు. అవును, తూర్పుగాలి తిరిగింది, గోదారిలో చీరమేను దిగింది. బియ్యపుగింజంత చేపలు, చీరలు వలల్లా పట్టి తోడుతారు. ఆ చేపలతో జోసెఫిన్ గారెలు చేస్తుంది. పోయినేడు ఒక గిన్నెడు పంపితే ఈయన తింటూ కళ్ళు మూసుకున్నాడు. తను ముప్ఫై ఏళ్ళు వండిపెట్టింది, ఏనాడూ ఆయన కళ్ళు మూసుకోలేదు. ఆ మూసిన కళ్ళు చూసి ఆ పూట తను ఎంగిలిపడలేదు. లేదు, వెళ్ళదు. ఎవరేమన్నా కదలదు.

గేటు చప్పుడైంది. రెండు జతల చెప్పులు. భ్రమరాంబ సిద్ధం చేసుకున్న మాట గొంతుదాకా తెచ్చుకుని మొహం గోడకేసి తిప్పుకుంది. తిప్పుకున్నాక వినిపించింది ఆడగొంతు.

"ఇస్త్రీకి బొగ్గులు రాజుకోలేదండి వదినగారూ, అందుకే ఆలీసం అయ్యింది. ఇదుగో, తెచ్చేశా."

మొగుడికోసం దాచుకున్న మాట ఈ మనిషి మొహాన ఎలా అనేది? వెనకాల ఆయన కాళ్ళు మార్చుకుంటూ నిలబడ్డాడు. జోసెఫిన్ ఆయనకేసి చూసి, "మీరు అలా వీధరుగు మీద కూకోండి అన్నయ్యగారూ" అంది, తలుపు దగ్గరగా వేసింది. ఆయన కుక్కినపేనులా వెళ్ళి కూర్చున్నాడు. తను చెబితే ఇంత తొందరగా వెళ్తాడా, అనుకుంది భ్రమరాంబ.

జోసెఫిన్ లేపి కూర్చోబెట్టి చేతులెత్తమంటే ఎత్తింది. ఎందుకెత్తిందో తెలీదు, చిన్నపిల్లలా ఎత్తేసింది. చీర జారిపోయింది. పాత కొబ్బరినూనె వాసన, దూదిలోంచి రసి వాసన, సిగ్గుతో కళ్ళు గట్టిగా మూసుకుంది. జోసెఫిన్ చేతులు ఆగిపోయాయి. కట్టు పక్కన, నల్లటి గాడిమీద, రెండు వేళ్ళు ఆనించి తీసేసింది.

"మా యమ్మకీ ఇక్కడే లేచిందండి పుండు, నా పెళ్ళయిన కొన్నేళ్ళకి" అంది. "చీరే కట్టేది మా యమ్మ. ఆరోగ్యమ్మని పేరు, ఏం ఆరోగ్యం లెండి. అప్పట్లో కోసేవాళ్ళెవరు? పాండిచ్చేరి నించి వచ్చిన డాక్టరు మందెట్టి కాల్చాడు. మానింది. మళ్ళీ లేచింది. ఏడాది తిరక్కుండా పోయింది. నేను ఆ రోజునించీ నడుంకి దారప్పోగు కట్టలేదండి. మీరు సంతలో అలా చెయ్యేసుకునేసరికి మా యమ్మే వంగినట్టనిపించింది నాకు."

భ్రమరాంబ కళ్ళు తెరిచింది. ఎదురుగా జోసెఫిన్ గౌను ఉంది, బుడగలా ఉబ్బిన బూడిదరంగు గౌను, భుజాలనించి తిన్నగా కిందికి దిగి ఎక్కడా ఆగలేదు. అందులో నడుమన్నదే లేదు. మనిషి లావెక్కింది, గదిలో తిరిగితే ఆయాసపడుతోంది. ఇన్నేళ్ళూ వీధిలో, సంతలో చూస్తూనే ఉంది కదా, ఎలా చూడలేదు? తన కళ్ళకి ఎప్పుడూ ఆ మెట్లూ, ఆ తెల్లగౌనూ, ఆ నల్లబెల్టే. ఆ నడుము ఏనాడో పోయింది. లేని నడుముతో పోటీపడి తను ఉన్న నడుముని కోసుకుంది. నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, రెండింటినీ మింగేసింది.

గౌను తలమీంచి దిగింది. లేతనీలం, మెత్తటి పాత గుడ్డ, ఎక్కడా పట్టలేదు, ఎక్కడా ఒరుసుకోలేదు. దీనికి కొలతలేం కావాలి, సంచిలా ఉంది. గాలి లోపలికి వచ్చింది. ఊపిరి పీలిస్తే ఛాతీ దగ్గర ఆగకుండా పొట్టలోకి దిగింది, ఇంకా కిందికి దిగింది. పెళ్ళయ్యాక ఇంత ఊపిరి పీల్చిన జ్ఞాపకం లేదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈవిడ మంచిదే అనే మాట ఒకటి మనసులోకి రాబోయింది, సగందాకా వచ్చింది.

"తాళాలకి జేబెట్టానండి, కుడిపక్క ఒత్తుకుంటదని ఎడం పక్కన" అంది జోసెఫిన్ గుండీలు పెడుతూ. "మీరేం బెంగెట్టుకోకండి. చీరమేను దిగింది కదా, అన్నయ్యగారికి రోజూ గారెలు వండి పంపేస్తాలెండి."

రాబోయిన మాట వచ్చిన దారినే వెనక్కిపోయింది. రోజూ. పసరు కట్టుకుని ఇంట్లో కూర్చుంటే ఏమవుతుంది? ఆరోగ్యమ్మకి అయిందే అవుతుంది. ఏడాది. ఆ తర్వాత ఆ గారెలకి అడ్డెవరు? ఆ కుర్చీలో పొద్దున్నా సాయంత్రమూ ఆయన, కళ్ళు మూసుకుని నములుతూ, పాపం భ్రమర మంచిదండీ అంటూ, చిటికెనవేలు పైకెత్తుకుని. నడుము ఉంటేనేం లేకపోతేనేం ఈవిడకి, గారెలున్నాయి. ఈ ఇంట్లో తన ఫొటోకి దండ, ఆ ఇంట్లో ఆయనకి కప్పు. భ్రమరాంబ మంచం దిగి నిలబడింది. ఎక్కడినించి వచ్చిందో అంత ఓపిక, దిండు కింద తాళాలగుత్తి తీసి ఎడమ జేబులో పడేసుకుంది.

"ఏవండీ" అని కేకేసింది. ఆయన ఉలిక్కిపడి తలుపు తోశాడు. నీలం గౌనులో పెళ్ళాన్ని చూసి, గోడవారనున్న సంచి అందుకున్నాడు.

"కారొచ్చిందా?"

"వస్తంది, ఆ మలుపు తిరిగింది."

"చుట్టూ రెండు వేళ్ళ మేర కోస్తానన్నాడు కదా డాక్టరు. ఇంకో వేలు ఎక్కువే కొయ్యమనండి. మళ్ళీ రాకూడదు. తొడ కోసినా ఏం కోసినా పర్లేదు, కావలిస్తే తర్వాత కరెంటు కూడా పెట్టించుకుంటాను." జోసెఫిన్ సంతోషంగా సిలువ గుర్తు వేసుకుంది. భ్రమరాంబ ఆవిడవైపు తిరిగి, "మీకెందుకండీ శ్రమ, ఈయనకి చేపలు పడవు ఈమధ్య" అంది. పడవని ఆయనకి అప్పుడే తెలిసింది.

కారు ఎక్కేముందు సంచిలో దువ్వెన పెట్టించింది. వెనక సీట్లో ఎడమవైపు ఒరిగి కూర్చుంది, ఎడమ జేబులో తాళాలు తొడకి చల్లగా తగిలాయి. ఆయన పక్కన కూర్చుని భయంగా ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు. పక్క వీధిలో జోసెఫిన్ ఇల్లు, ఖాళీ వసారా, పేము కుర్చీ వచ్చి వెనక్కి పోయాయి. ఆవిడ చెయ్యి విడిపించుకుని గుత్తిలోంచి వంటింటి తాళంచెవి ఒక్కటీ తీసి ఆయన అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది.

"కాఫీపొడి కింద అరలో ఉంది. నేనొచ్చేదాకా ఇంట్లోనే కలుపుకు తాగండి" అంది. కాస్త ఆగి, "గ్లాసుతో" అంది.